పంచాంగంలో ఒక రోజును చదవడం

పరాభవ నామ సంవత్సర ఉగాది తేదీ 2026 మార్చి 19, గురువారం. ఆ ఉదయం హైదరాబాదులో సుమారు 6.21కి సూర్యోదయం అవుతుంది కానీ, ఆ సమయానికి ఉన్న తిథి పాడ్యమి కాదు, ఇంకా ఫాల్గుణ బహుళ అమావాస్యే. ఆకాశంలో నిజంగా కనిపించే స్థానాలతో చేసే దృగ్గణితం ప్రకారం అమావాస్య 6.52కి ముగిసి చైత్ర శుద్ధ పాడ్యమి ప్రవేశిస్తుంది. ఆ పాడ్యమి కూడా తెల్లవారితే శుక్రవారమనగా 4.52కే పూర్తయిపోతుంది. శుక్రవారం సూర్యుడు ఉదయించేసరికి ఉన్నది విదియ. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే తిథి అన్న మామూలు సూత్రంతో చూస్తే, సంవత్సరానికి తొలి తిథి అయిన పాడ్యమి ఆ ఏడు ఏ రోజుకూ దక్కలేదు. దీన్నే క్షయ తిథి అంటారు. పాడ్యమి ఇలా క్షయమైనప్పుడు అది మొదలైన రోజునే ఉగాది చేసుకోవాలన్నది సంప్రదాయ నిర్ణయం కనుక పండుగ గురువారానికి స్థిరపడింది.

ఇదే పాడ్యమిని న్యూయార్కు నుంచి చూద్దాం. అక్కడి గడియారం ప్రకారం అమావాస్య ముగిసేది 18వ తేదీ రాత్రి 9.22కి, పాడ్యమి ముగిసేది 19వ తేదీ సాయంత్రం 7.22కి. ఈ రెంటి నడుమ, 19వ తేదీ ఉదయం 7 గంటలు దాటాక అక్కడ సూర్యోదయం అవుతుంది. అప్పటికి పాడ్యమి నిండుగా ఉంటుంది. హైదరాబాదులో క్షయమైన తిథి న్యూయార్కులో ఏ విశేషమూ లేని మామూలు తిథి అన్నమాట. రెండు చోట్లా పంచాంగకర్త ఒకే గణితం చేశాడు, ఎవరూ తప్పు చేయలేదు.

పంచాంగం అర్థం కావడానికి ఈ ఒక్క ఉదాహరణను నిదానంగా చూస్తే చాలునని నా అభిప్రాయం. పంచాంగంలో రెండు రకాల కాలాలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. మొదటిది ఆకాశానిది. తిథి, నక్షత్రం, యోగం, కరణం అనే నాలుగూ సూర్యచంద్రుల స్థానాలను బట్టి ఏర్పడతాయి కనుక, అవి మారే క్షణం భూమి మీద ఎక్కడివారికైనా ఒక్కటే. ఆ క్షణంలో వారి వారి గడియారాలు చూపే అంకెలు మాత్రమే వేరు. రెండవది నేలది. సూర్యోదయాస్తమయాలు ఊరిని బట్టి మారతాయి. వారం, రాహుకాలం, దుర్ముహూర్తం, అభిజిత్తు, పండుగ పూజలకు చెప్పే మధ్యాహ్నం, సూర్యాస్తమయం తర్వాతి ప్రదోషం, ఇవన్నీ ఆ సూర్యోదయాస్తమయాల నుంచే లెక్కకు వస్తాయి. పూజకు ముందు చెప్పుకునే సంకల్పంలో సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి చెప్పే ముందే శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల మధ్య ఉన్నామో చెప్పడం ఊరికే పెట్టిన ఆచారం కాదు. చోటు తెలియకుండా రోజు తెలియదు.

ముందు ఆకాశపు లెక్క చూద్దాం. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు ముందుకు సాగడానికి పట్టే కాలం ఒక తిథి. అమావాస్య ముగిసే క్షణంలో ఇద్దరి మధ్య అంతరం సున్నా. అది 12 డిగ్రీలు అయ్యేదాకా పాడ్యమి, 24 అయ్యేదాకా విదియ, అలా 180 డిగ్రీల దగ్గర పౌర్ణమి ముగిసి బహుళ పక్షం మొదలవుతుంది. చాంద్రమాసం సగటున 29.53 రోజులు కనుక ముప్పై తిథులకు పంచితే ఒక్కొక్కదానికి సుమారు 23 గంటల 37 నిమిషాలు వస్తాయి. అయితే చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు వేగంగానూ, దూరమైనప్పుడు మందంగానూ కదులుతాడు కాబట్టి, ఒక తిథి దాదాపు 20 గంటలకు కుదించుకుపోవచ్చు, మరొకటి 26 గంటలకు పైగా సాగవచ్చు. పొట్టి తిథి రెండు సూర్యోదయాల మధ్య ఇమిడిపోతే క్షయం, పొడుగు తిథి రెండు సూర్యోదయాలనూ తాకితే వృద్ధి. గోడ క్యాలెండరులో వరుసగా రెండు రోజులు సప్తమి అని కనిపిస్తే అది అచ్చు తప్పు కాదు.

నక్షత్రమంటే రాశిచక్రాన్ని 27 సమభాగాలు చేసినప్పుడు, అంటే ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాల చొప్పున, చంద్రుడు ఆ రోజు ఉన్న భాగం. యోగానికి సూర్యచంద్రుల స్ఫుటాలను, అంటే రాశిచక్రంలో వారున్న డిగ్రీలను, కూడి, ఆ మొత్తాన్ని మళ్లీ అదే 13 డిగ్రీల 20 నిమిషాలతో భాగిస్తారు. విష్కంభంతో మొదలై వైధృతితో ముగిసే ఇరవై ఏడు యోగాల్లో వ్యతీపాతాన్నీ వైధృతినీ శుభకార్యాలకు విడిచిపెడతారు. కరణం తిథిలో సగం. నెలలో వచ్చే 60 కరణాల్లో బవ మొదలు విష్టి దాకా ఏడు చర కరణాలు ఎనిమిదేసి సార్లు తిరుగుతాయి, మిగిలిన నాలుగు స్థిర కరణాలు అమావాస్య పరిసరాల్లో ఒక్కొక్కసారి వస్తాయి. విష్టికే భద్ర అని పేరు. పౌర్ణమి తిథిలో మొదటి సగం ఎప్పుడూ విష్టి కరణమే కావడం వల్ల, రాఖీ పౌర్ణమి వచ్చినప్పుడల్లా భద్ర ఎప్పుడు పోతుంది, రాఖీ ఎప్పుడు కట్టాలి అన్న చర్చ తప్పనిసరిగా లేస్తుంది. ఏటా అదేదో కొత్త విపత్తు అన్నట్లు వార్తలు రాయడం మాత్రం నాకు వింతగా తోస్తుంది.

ఐదు అంగాల్లో వారం ఒక్కటే పూర్తిగా నేలకు చెందినది. మన లెక్కలో వారం సూర్యోదయంతో మొదలై మరుసటి సూర్యోదయంతో ముగుస్తుంది, అర్ధరాత్రితో దానికి సంబంధం లేదు. మంగళవారం తెల్లవారుజామున 3 గంటలకు పుట్టిన బిడ్డ పంచాంగ రీత్యా సోమవారపు బిడ్డే. పంచాంగం చదివేటప్పుడు ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. గురువారపు వరుసలో ‘తె. 4.52’ అని ఉంటే అది గురువారం వేకువ కాదు, గురువారం రాత్రి గడిచాక వచ్చే వేకువ, అంటే ఇంగ్లీషు తేదీ ప్రకారం శుక్రవారం. ‘రా. 1.40’ అన్నా అంతే. ఉ., మ., సా., రా., తె. అనే ఈ పొడి అక్షరాలను సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా వరుసగా సాగేవిగా చదువుకుంటే ఈ పొరపాటు జరగదు. ముందు రాత్రి మొదలై సూర్యోదయం తర్వాత కూడా కొంతసేపు మిగిలిన వర్జ్యాన్ని ‘శేష వర్జ్యం’ అని ఆ మర్నాటి వరుసలో వేయడం కూడా ఈ పద్ధతి ప్రకారమే.

వారాల క్రమం ఆదివారం తర్వాత సోమవారంగా ఎందుకు ఉందో కూడా రోజును హోరలుగా విభజించడంలోనే తెలుస్తుంది. గ్రహాలను మందగతి నుంచి శీఘ్రగతికి శని, గురువు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని వరుసగా పేర్చి, ఒక్కో హోరకు ఒక్కొక్కరిని అధిపతిగా చెబుతారు. రోజుకు 24 హోరలు కనుక ఏడుగురూ మూడు సార్లు తిరిగి ఇంకా మూడు హోరలు మిగులుతాయి. అందువల్ల మర్నాటి మొదటి హోర నాలుగో గ్రహానిది అవుతుంది. శని నుంచి నాలుగోవాడు రవి, రవి నుంచి నాలుగోవాడు చంద్రుడు, చంద్రుడి నుంచి నాలుగోవాడు కుజుడు. సూర్యోదయంలో తొలి హోర ఎవరిదో ఆ రోజుకు వారి పేరే.

ఇక రోజువారీ సమయాలు. పాత కొలతలో అహోరాత్రం 60 ఘడియలు, ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, రెండు ఘడియలు ఒక ముహూర్తం. పగటికి 15 ముహూర్తాలు, రాత్రికి 15. పగలు సరిగ్గా 12 గంటలుంటేనే ముహూర్తం 48 నిమిషాలు. పగలు పెరిగితే పగటి ముహూర్తం పెరుగుతుంది, రాత్రి ముహూర్తం తగ్గుతుంది. ఈ సాగే గుణాన్ని మరిచిపోయి, అన్ని రోజులకూ ఒకే పట్టికను అచ్చువేసి అంటించుకోవడం వల్లనే మన ఇళ్లలో రాహుకాలం లెక్క గాడి తప్పింది.

రాహుకాలం లెక్క చాలా తేలిక. పగటిని, అంటే ఆ ఊరి సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న కాలాన్ని, ఎనిమిది సమభాగాలు చేయాలి. ఆదివారం ఎనిమిదో భాగం, సోమవారం రెండు, మంగళవారం ఏడు, బుధవారం ఐదు, గురువారం ఆరు, శుక్రవారం నాలుగు, శనివారం మూడో భాగం రాహుకాలం. యమగండం గురువారం మొదటి భాగంతో మొదలై బుధవారం రెండు, మంగళవారం మూడు, సోమవారం నాలుగు, ఆదివారం ఐదు, శనివారం ఆరు, శుక్రవారం ఏడు, ఇలా వారాలను వెనక్కి లెక్కిస్తూ పోతుంది. గుళిక కాలం కూడా అదే తీరు, శనివారం మొదటి భాగంతో ఆరంభం. సూర్యోదయం 6 గంటలకూ సూర్యాస్తమయం 6 గంటలకూ జరుగుతాయని అనుకుని వేసినవే సోమవారం 7.30 నుంచి 9, గురువారం 1.30 నుంచి 3 అనే అంకెలు.

నిజానికి పై ఉగాది గురువారాన్నే తీసుకుంటే, ఆ రోజు పగలూ రాత్రీ దాదాపు సమానం, పట్టికకు అంతకన్నా అనుకూలమైన రోజు దొరకదు. అయినా హైదరాబాదులో సూర్యోదయం 6.21, సూర్యాస్తమయం సుమారు 6.27 కాబట్టి పగలు 726 నిమిషాలు, ఎనిమిదో వంతు 91 నిమిషాలకు కాస్త తక్కువ. ఆరో భాగం మధ్యాహ్నం 1.55కి మొదలై 3.25కి ముగుస్తుంది. పట్టిక నమ్ముకుని 3 గంటలకు రాహుకాలం వెళ్లిపోయిందని కొబ్బరికాయ కొట్టినవారు రాహుకాలంలోనే కొట్టినట్లు. జూన్ మూడో వారంలో అదే ఊళ్లో పగలు 13 గంటలు దాటుతుంది, సోమవారపు రాహుకాలం సుమారు 7.21 నుంచి 9 గంటల దాకా, 99 నిమిషాలు. డిసెంబరు చివరికి పగలు 11 గంటల చిల్లరకు పడిపోయి, సోమవారపు రాహుకాలం 8.05కి మొదలై 83 నిమిషాలకే, 9.28కి, పూర్తవుతుంది. విశాఖపట్నం హైదరాబాదుకు తూర్పున దాదాపు 4.7 డిగ్రీల దూరంలో ఉంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు సుమారు 19 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. రెండు నగరాలకూ ఒకే రాహుకాలం చెప్పే క్యాలెండరు రెంటిలో కనీసం ఒకదానికి తప్పు చెబుతున్నట్లే. లండనులో జూన్ నెలలో పగలు పదహారున్నర గంటలు కనుక అక్కడి రాహుకాలం రెండు గంటలకు మించుతుంది.

దుర్ముహూర్తానికి ఎనిమిదో వంతు కాక పదిహేనో వంతు కొలత. ఆదివారం 14వ ముహూర్తం, సోమవారం 9, 12, బుధవారం 8, గురువారం 6, 12, శుక్రవారం 4, 9, శనివారం మొదటి రెండూ దుర్ముహూర్తాలు. మంగళవారం పగలు 4వది కాక రాత్రి కూడా ఒకటి ఉంటుంది. అదే ఉగాది గురువారం నాడు హైదరాబాదుకు దుర్ముహూర్తం సుమారు 10.23 నుంచి 11.11 దాకా, తిరిగి 3.13 నుంచి 4.02 దాకా వస్తుంది. పగటి ముహూర్తాల్లో సరిగ్గా నడిమిది, ఎనిమిదోది, అభిజిత్తు. ఆ రోజు అది 12 గంటల నుంచి 12.48 వరకు. సూర్యుడు నడినెత్తికి వచ్చే క్షణం దాని మధ్యలో పడుతుంది, అది గడియారంలో 12 కాదు, 12.24. అభిజిత్తుకు ఇతర దోషాలను తొలగించే శక్తి ఉందని చెప్పుకున్నా బుధవారం దాన్ని వాడరు. ఎందుకో పై వరుసలోనే ఉంది, ఆ రోజు అదే దుర్ముహూర్తం. బ్రాహ్మీ ముహూర్తం మాత్రం రాత్రి భాగానిది. సూర్యోదయానికి రెండు ముహూర్తాలు, అంటే సుమారు 96 నిమిషాల ముందు మొదలై ఒక ముహూర్తం పాటు ఉంటుంది.

వర్జ్యం వీటన్నిటికీ వేరైన జాతి. పక్కపక్క గళ్లలో అచ్చు వేయడం వల్ల రాహుకాలానికి తోబుట్టువులా కనిపిస్తుంది కానీ, ఇది సూర్యోదయం నుంచి పుట్టదు, నక్షత్రం నుంచి పుడుతుంది. ప్రతి నక్షత్రానికీ అది మొదలైన తర్వాత ఇన్ని ఘడియలకు అని ఒక స్థానం ఉంది. అశ్వినికి 50 ఘడియల తర్వాత, భరణికి 24, కృత్తికకు 30, రోహిణికి 40. అక్కడి నుంచి నాలుగు ఘడియలు వర్జ్యం. అయితే ఈ లెక్క నక్షత్రం సరిగ్గా 60 ఘడియలు ఉన్నప్పటిది, వాస్తవ నిడివిని బట్టి దామాషాగా మార్చుకోవాలి. రోహిణి 25 గంటలు ఉందనుకుంటే, 25 గంటల్లో అరవైకి నలభై వంతు 16 గంటల 40 నిమిషాలు. రోహిణి ప్రవేశించిన తర్వాత అంతసేపటికి వర్జ్యం మొదలై 100 నిమిషాలు ఉంటుంది. అమృత ఘడియలకు కూడా ఇదే పద్ధతి, స్థానాలు వేరు: అశ్వినికి 42, రోహిణికి 52. చంద్రుణ్ణి అనుసరించి సాగేది కనుక వర్జ్యం ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మొదలవుతుంది. విదేశంలో ఉన్నవారు హైదరాబాదు పంచాంగంలోని వర్జ్యాన్ని తమ గడియారానికి మార్చుకుంటే సరిపోతుంది. రాహుకాలాన్ని మాత్రం అలా మార్చుకోకూడదు, తమ ఊరి సూర్యోదయంతో మొదటి నుంచీ లెక్కించుకోవాలి. ఈ తేడా తెలిసినవారు నాకు చాలా తక్కువమందే కనిపించారు.

ఒక రోజులో రాహుకాలం, యమగండం, దుర్ముహూర్తాలు, వర్జ్యం, భద్ర అన్నీ తీసేస్తే పగటిలో సగం మిగలడం కూడా కష్టమే. నేను ఎరిగిన పెద్దలు చిన్న పనులకు వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుని సరిపెట్టుకునేవారు. పెళ్లి, గృహప్రవేశం వంటివాటికి మాత్రమే లగ్నం, తారాబలం, గురు శుక్ర మౌఢ్యాలు వరకు వెళ్లేవారు. ఆసుపత్రికి బయలుదేరడానికీ, బస్సు ఎక్కడానికీ రాహుకాలం చూసే అలవాటును నేను సమర్థించలేను. పంచాంగాన్ని పాటించే సంప్రదాయంలోనే నిత్యకర్మలకూ ఆపత్కాలానికీ ముహూర్తం వెతకాల్సిన పని లేదు.

పండుగ తేదీల వివాదాలన్నీ ఆకాశపు కాలమూ నేల కాలమూ కలిసే చోట పుట్టేవే. ప్రతి పండుగకూ సూర్యోదయ తిథి పనికిరాదు, ఆ పండుగ కర్మ ఏ వేళ జరగాలో ఆ వేళకు తిథి ఉండాలి. పగటిని ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం అని ఐదు భాగాలు చేస్తారు, ఒక్కొక్కటి మూడు ముహూర్తాలు. వినాయక చవితికీ శ్రీరామనవమికీ మధ్యాహ్నంలో, విజయదశమికి అపరాహ్ణంలో, దీపావళికి ప్రదోషంలో, మహాశివరాత్రికి అర్ధరాత్రి వేళ ఆయా తిథులు ఉండాలి. ఆబ్దికానికీ అపరాహ్ణమే ప్రమాణం. అందుకే క్యాలెండరులో తదియ అని ఉన్న రోజున వినాయక చవితి రావడం విడ్డూరం కాదు. ఉదయం తదియ ఉండి మధ్యాహ్నానికి చవితి వస్తే పండుగ ఆ రోజే.

2024 దీపావళి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి వచ్చి నవంబరు 1 సాయంత్రం 6.16 దాకా ఉంది. 31న ప్రదోషమంతా, రాత్రంతా అమావాస్యే. నవంబరు 1న హైదరాబాదులో సూర్యాస్తమయం సుమారు 5.45 కనుక ప్రదోషంలో అరగంట మాత్రమే అమావాస్య మిగిలింది. రాత్రి వ్యాప్తిని ముఖ్యమనుకున్నవారు 31 అన్నారు, రెండు రోజులూ ప్రదోషాన్ని తాకినప్పుడు రెండో రోజునే గ్రహించాలన్న వచనాన్ని పట్టుకున్నవారు నవంబరు 1 అన్నారు. తెలుగు రాష్ట్రాల్లో పండుగ 31నే జరిగింది. ఇక్కడ గణితంలో ఎవరికీ తేడా లేదు, ధర్మశాస్త్ర వాక్యాన్ని అన్వయించడంలోనే తేడా. అదే సంవత్సరం న్యూయార్కులో ఈ గొడవే లేదు, ఎందుకంటే అక్కడ అమావాస్య నవంబరు 1 ఉదయానికే ముగిసింది. ఏకాదశి విషయంలో స్మార్తులకూ వైష్ణవులకూ తేదీ మారడానికి కారణం ఇటువంటిదే: సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందున్న అరుణోదయ వేళకు దశమి మిగిలి ఉంటే వైష్ణవులు ఆ ఏకాదశిని విడిచి మర్నాడు ఉపవసిస్తారు.

గణితంలోనే తేడా వచ్చే సందర్భాలు వేరు. సూర్యసిద్ధాంతం వంటి ప్రాచీన గ్రంథాల సూత్రాలతో చేసే పంచాంగాలను పూర్వ పద్ధతివని, ఆకాశంలో నేడు కనిపించే స్థానాలకు సరిపోయేలా చేసేవాటిని దృక్ పద్ధతివని పిలుస్తారు. ‘బాణవృద్ధి రసక్షయం’ పూర్వ పద్ధతివారికి గీటురాయి. బాణాలు ఐదు, రసాలు ఆరు. అంటే తిథి అరవై ఘడియలకు మించి ఐదు పెరగవచ్చు, ఆరు తగ్గవచ్చు, 54కు తక్కువ కారాదు. దృగ్గణితంలో తిథి 50 ఘడియల దాకా తగ్గుతుంది, 67 దాకా పెరుగుతుంది. 2025 ఉగాది పాడ్యమి మార్చి 29 సాయంత్రం 4.27 నుంచి 30 మధ్యాహ్నం 12.49 వరకు, 20 గంటల 22 నిమిషాలు మాత్రమే ఉంది. ఘడియల్లో సుమారు 51. చంద్రుడు ఆ రోజు భూమికి అతి సమీపంలో ఉండటమే దీనికి కారణం. రసక్షయ నియమం దీన్ని ఒప్పుకోదు, ఆకాశం మాత్రం ఇలాగే నడిచింది. గ్రహణం పంచాంగంలో వేసిన నిమిషానికి పట్టాలని కోరుకునే మనం తిథికి మాత్రం వేరే ఆకాశాన్ని ఎందుకు కోరుకోవాలో నాకు అర్థం కాదు. అయినా తరతరాలుగా ఒక సిద్ధాంతిగారి పంచాంగాన్నే అనుసరించే కుటుంబాలు దాన్నే కొనసాగించడంలో తప్పేమీ లేదు. రెండు పంచాంగాలను ముందు పెట్టుకుని తమకు అనువైన అంకెను ఏరుకోవడమే సరికాదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ గందరగోళాన్ని సర్దడానికి 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండరు సంస్కరణ సంఘం ఏర్పడింది. దాని సిఫారసుల మీద 1957 మార్చి 22 నుంచి, శక సంవత్సరం 1879 చైత్రం 1గా, జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. ప్రభుత్వ పత్రాల మీద తేదీగా తప్ప అది జనంలోకి రాలేదు. కానీ లాహిరి అయనాంశ అని పిలిచే ప్రమాణం మాత్రం దృక్ పంచాంగాల్లో చాలావరకు స్థిరపడింది. అయనాంశ అంటే వసంత విషువత్తు బిందువుకూ నక్షత్రాలతో స్థిరపరచిన మేషరాశి ఆరంభానికీ మధ్య దూరం, అది నేడు దాదాపు 24 డిగ్రీలు. ఉత్తరాయణ ఆరంభబిందువు డిసెంబరు 21, 22 తేదీల్లో పడుతుండగా మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో రావడానికి ఈ అంతరమే కారణం. తిథికీ కరణానికీ అయనాంశతో పని లేదు, అవి ఇద్దరి మధ్య తేడా కనుక తీసివేతలో అది కొట్టుకుపోతుంది. నక్షత్రానికి మాత్రం కావాలి. అయనాంశలో ఒక డిగ్రీ తేడా ఉంటే నక్షత్రాంతం సుమారు గంటా యాభై నిమిషాలు జరుగుతుంది. యోగంలో అది రెండు సార్లు కలుస్తుంది కనుక మూడు గంటలకు పైగా జరుగుతుంది. రెండు పంచాంగాల్లో తిథి అంతం ఒకటే ఉండి నక్షత్రాంతం వేరుగా కనిపిస్తే, ముందు అనుమానించవలసింది అయనాంశనే.

మాసాల సంగతి క్లుప్తంగా చెబుతాను. తెలుగువారిది అమాంత చాంద్రమానం, నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదిన పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి బహుళ పక్షాల్లో నెల పేరు మారుతుంది, తిథి మారదు. పన్నెండు చాంద్రమాసాలు సుమారు 354 రోజులే కనుక సౌర సంవత్సరానికి ఏటా దాదాపు 11 రోజులు వెనుకబడతాయి. సూర్యుడు ఏ రాశిలోకీ ప్రవేశించని చాంద్రమాసాన్ని అధికంగా లెక్కించి ఆ వెలితిని పూడుస్తారు. 2023లో అధిక శ్రావణం అలా వచ్చింది, 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. రైతులు చూసే కార్తెలు మాత్రం చంద్రుడివి కావు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. అందుకే రోహిణి కార్తె ఏటా మే 25 ప్రాంతంలోనే వస్తుంది, ‘రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయి’ అన్న సామెత ఏ సంవత్సరమూ తేదీ తప్పదు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్ పంచాంగం ఉంది. అందులో మొదట చూడవలసినది ఊరి పేరు. చాలా యాప్‌లు మొదట ఏదో ఒక నగరాన్ని పెట్టుకునే వస్తాయి. తర్వాత అయనాంశ. ఆ తర్వాత సూర్యోదయాన్ని సూర్యబింబపు పై అంచు కనిపించడంతో లెక్కిస్తున్నారా, గాలిలో కాంతి వంగడాన్ని కలపకుండా బింబ మధ్యంతోనా అన్నది. మూడు నాలుగు నిమిషాల తేడా ఇక్కడ వస్తుంది, సూర్యోదయానికి అటూ ఇటూగా ముగిసే తిథికి ఆ మాత్రం తేడా చాలు. సర్దుబాట్లు అయ్యాక ఒక రోజు రాహుకాలాన్ని కాగితం మీద లెక్కించి పోల్చి చూసుకోవడం మంచిది, రెండు నిమిషాల పని.

విదేశాల్లో ఉన్నవారు ఎక్కువగా అడిగేది పెద్దల ఆబ్దికం గురించి. తండ్రి విజయవాడలో పోతే తిథిని ఆ ఊరి సమయంతోనే నిర్ణయించి మాసం, పక్షం, తిథి రాసి పెట్టుకోవాలి, అది ఇక మారదు. ఏటా ఆ తిథిని కొడుకు ఉన్న ఊరి పంచాంగంలో వెతికి, అక్కడి అపరాహ్ణానికి ఆ తిథి ఉన్న రోజున పెట్టాలి. డల్లాస్‌లో కొడుకు, విజయవాడలో అన్న ఒకే తద్దినాన్ని వేర్వేరు ఇంగ్లీషు తేదీల్లో పెట్టవలసి వస్తే ఇద్దరిలో ఎవరూ తప్పు చేయడం లేదు.